గోదావరి అడవుల జీవజాతుల నమోదు: చీటీల నుంచి డీఎన్ఏ బార్‌కోడ్ దాకా

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల తూర్పు అడవుల నుంచి, శబరి నది గోదావరిలో కలిసే కూనవరం మీదుగా పాపికొండల వరకు ఉన్న ప్రాంతంలో జీవజాతులకు పేర్లు పెట్టి నమోదు చేసే పని బ్రిటిష్ కాలంలోనే మొదలైంది. ఆ పనికి ఈ శతాబ్దంలో తోడైన సాధనం డీఎన్ఏ బార్‌కోడింగ్. జీవి శరీరంలోంచి చిన్న ముక్క తీసి, అందులోని ఒక నిర్ణీత జన్యుభాగాన్ని చదివి, ముందే పేరు ఖాయమైన నమూనాల జన్యువరుసలతో పోల్చి జాతిని తేల్చే పద్ధతి ఇది. ఈక, ఎముక, ఎండిన వేరు, చివరికి వండిన మాంసం ముక్క ఉన్నా చాలు.

పాత నమోదులు

ఇక్కడి పాత రికార్డులను చిక్కుముడి చేసింది జిల్లా సరిహద్దులే. 1860లో నిజాం భద్రాచలం, రేకపల్లి తాలూకాలను బ్రిటిష్ వారికి అప్పగించాడు. అవి మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని అప్పర్ గోదావరి జిల్లాలో ఉన్నాయి. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాకు, 1959లో ఖమ్మం జిల్లాకు మారాయి. 2014 విభజనలో భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. నదికి కుడిగట్టున ఉన్న పాల్వంచ వైపు అడవి మాత్రం 1860 తర్వాత కూడా నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. అందుకే 1870లో భద్రాచలం దగ్గర పట్టిన పిట్ట చీటీ మీద ఒక రాష్ట్రం పేరు, పదేళ్ల తర్వాత అదే చోట పట్టినదాని మీద మరో పేరు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

పుస్తకాలూ నది దగ్గరే ఆగిపోయాయి. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద తెచ్చిన బొమ్మల సంపుటాలు 1795 నుంచి 1819 వరకు వెలువడ్డాయి. 1915లో మరో వృక్షశాస్త్రవేత్త గాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షగ్రంథం పరిధిలోకి ఎడమగట్టు వచ్చింది, కుడిగట్టు రాలేదు. 1931–32లో సలీం అలీ చేసిన హైదరాబాద్ రాష్ట్ర పక్షుల సర్వేకు ఎడమగట్టు పరాయి నేల. ఒకే అడవిని రెండు ముక్కలుగా చదివిన ఈ లోటు ఇప్పటికీ పూడలేదు.

కలివికోడి కథ చూడండి. 1848లో శాస్త్రీయ నామం పొందిన ఈ పక్షిని భూగర్భ శాస్త్రవేత్త బ్లాన్‌ఫర్డ్ గోదావరి లోయలో సిరొంచ, భద్రాచలం ప్రాంతాల్లో చూసినట్టు రాశాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్నారు. 1986లో మళ్లీ దొరికింది, అదీ కడప జిల్లా లంకమలలో.

2003: గ్వెల్ఫ్, హైదరాబాద్

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హెబర్ట్ బృందం 2003లో బార్‌కోడ్ ఆలోచనను ప్రకటించింది. జంతువుల మైటోకాండ్రియాలోని సీఓ1 జన్యువులో సుమారు 650 అక్షరాల భాగం చాలు, జాతిని తేల్చవచ్చన్నది దాని సారం. ఒక్కో కణంలో మైటోకాండ్రియా వందల సంఖ్యలో ఉండటం వల్ల పాడైన నమూనాలోనూ ఆ డీఎన్ఏ దొరికే అవకాశం ఎక్కువ. మొక్కల మైటోకాండ్రియాలో మార్పులు మరీ నెమ్మది కాబట్టి వాటికి 2009లో ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే అనే క్లోరోప్లాస్ట్ జన్యువులను, 2012లో శిలీంధ్రాలకు ఐటీఎస్ భాగాన్ని ఎంచుకున్నారు.

తెలుగువాళ్లు సాధారణంగా చెప్పుకోని సంగతి ఒకటుంది. అదే 2003లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం)లో సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ సైటోక్రోమ్-బి అనే మరో మైటోకాండ్రియా జన్యువుతో దాదాపు ఇదే పని చేసే సార్వత్రిక ప్రైమర్లను (కావలసిన జన్యుభాగాన్ని పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలను) ప్రచురించారు. హెబర్ట్ లక్ష్యం లోకంలోని జీవులన్నిటి పట్టిక. వీరి లక్ష్యం వేటగాళ్ల కేసులు. అటవీ సిబ్బందికి దొరికిన మాంసం దుప్పిదా, కణితిదా, మేకదా అన్నది కంటితో చెప్పలేం. నిందితుడు మేకమాంసమే అంటాడు. అత్తాపూర్‌లో సీసీఎంబీ నడుపుతున్న లాకోన్స్ ప్రయోగశాలను 2007లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం జాతికి అంకితం చేశారు. దేశం నలుమూలల అటవీశాఖలు పంపే ఇలాంటి నమూనాలు అక్కడ తేలుతున్నాయి. మన దగ్గర ఈ విద్య మ్యూజియం కోసం కాక కోర్టు కోసం పెరిగిందనడం అతిశయోక్తి కాదు.

జాతుల మీద ప్రభావం

ఈ ప్రాంతపు జన్యుపరిశోధన అడవి మొత్తాన్ని పట్టుకోకుండా విడివిడి జీవుల చుట్టూ సాగింది. 1836లో పేరుపడ్డ గిరినాగు ఒకే జాతి అని చాలాకాలం నమ్మారు. 2024లో దాన్ని డీఎన్ఏ, శరీర లక్షణాల ఆధారంగా నాలుగు జాతులుగా విడదీశారు. పడమటి కనుమల పాముకు కాళింగ అనే కొత్త పేరు రాగా, తూర్పు కనుమల గిరినాగు పాత పేరుతోనే ఉండిపోయింది. శబరికి నీరందించే కాంగేర్ లోయలో 2017లో ఒక పెద్ద బల్లిని కొత్త జాతిగా వర్ణించారు. పాపికొండల్లోనూ కనిపించే బంగారు బల్లికి పేరుపెట్టింది 1870లో బ్రిటిష్ అధికారి బెడ్డోమ్. దాని ప్రజాతిలో ఉన్న రెండో జాతి శ్రీలంకలో ఉంది.

పద్ధతికి హద్దులూ ఉన్నాయి. ఇటీవలే విడిపోయిన జాతులనూ, సంకరాలనూ బార్‌కోడ్ కలగాపులగం చేస్తుంది. పోల్చడానికి సరైన పేరున్న నమూనా లేకపోతే వచ్చేది అక్షరాల వరుసే, పేరు కాదు. అందువల్ల పాత పద్ధతిలో జీవిని పట్టి, కొలిచి, భద్రపరిచే నిపుణుడు లేకుండా బార్‌కోడ్ నిలబడదు.

దీవులు కాబోయే గుట్టలు

ఆనకట్ట ముంపు అడవిని ఏం చేస్తుందో ముందు మరో చోట చూద్దాం. పనామాలో ఛాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు 1913–14లో నీరు చుట్టుముట్టి ఒక గుట్ట బరో కొలరాడో దీవి అయింది. తర్వాతి కాలంలో కొన్ని పక్షిజాతులు అక్కడ కనుమరుగయ్యాయి. అక్కడి 50 హెక్టార్ల పరిశోధన క్షేత్రంలో 296 జాతుల చెట్లకు, పొదలకు 2009లో బార్‌కోడ్‌లు తయారుచేశారు. ముంపుకు ముందు బార్‌కోడ్ పట్టిక మాత్రం వారికీ లేదు.

ఇక్కడ గోదావరి మీద కడుతున్న పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 150 అడుగులు. ఆ మట్టానికి నీరు నిలిస్తే గోదావరి, శబరి ఒడ్డు అడవులు మునిగి, కొన్ని గుట్టలు దీవులుగా మిగులుతాయి. 2008లో నోటిఫై అయిన 1,012 చదరపు కిలోమీటర్ల పాపికొండ జాతీయ పార్కు ఆ ఒడ్డునే ఉంది. లాకోన్స్ బృందం చిలికా సరస్సులో నీటిని మాత్రమే సేకరించి, అందులో తేలే డీఎన్ఏతో అక్కడి జీవజాలాన్ని అంచనా వేసే పద్ధతిని రూపొందించింది; శబరి వాగులకూ అది పనికొస్తుంది. ఈ అడవిలో బార్‌కోడింగ్‌ను మొదలుపెట్టాల్సింది శిఖరాల మీద కాదు, 150 అడుగుల గీతకు దిగువన. ప్రతి నమూనాతో అక్షాంశ రేఖాంశాలు, తేదీ, కోయలు, కొండరెడ్లు దాన్ని పిలిచే పేరు కూడా రాసిపెట్టాలి. జిల్లా పేరు మళ్లీ మారవచ్చు.