చక్రంలో గాలికి కొలత ఎప్పుడు వచ్చింది?

గాలి టైరు చరిత్ర చెప్పేవారు సాధారణంగా ఇద్దరిని తలుచుకుంటారు. 1845లో పేటెంటు పొందిన స్కాట్లండు ఇంజనీరు రాబర్ట్ విలియం థామ్సన్ ఒకరు. 1888లో బెల్‌ఫాస్టులో కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం అదే ఊహకు మళ్లీ ప్రాణం పోసిన పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ మరొకరు. థామ్సన్ పేటెంటు సంగతి బయటపడ్డాక డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. ఎవరు ముందు అన్న ఈ తగవుకు దక్కిన శ్రద్ధ వాల్వుకు దక్కలేదు. టైరులోకి గాలి పంపడం తేలికే. దాన్ని లోపల నిలపడం, కొలవడం, కావలసినంతే బయటికి వదలడం అసలు చిక్కు.

తొలి పరిష్కారాలలో వుడ్స్ వాల్వు ఒకటి. మన ఊళ్లలో సైకిలు తొక్కినవారందరికీ, పేరు తెలియకపోయినా, ఇది పరిచయమే. పక్కన చిన్న రంధ్రమున్న లోహపు గొట్టం, దానిపై బిగుతుగా తొడిగిన సన్నని రబ్బరు గొట్టం. పంపు ఒత్తిడికి రబ్బరు ఉబ్బి గాలికి దారి ఇస్తుంది. పంపు ఆగగానే లోపలి గాలే రబ్బరును అదిమి రంధ్రాన్ని మూసేస్తుంది. స్ప్రింగు లేదు, రబ్బరు పాడైతే చిల్లర డబ్బులతో మార్చుకోవచ్చు. ఇది మన దేశంలో ఇంతకాలం నిలవడానికి ఆ చవకే కారణమని నా అభిప్రాయం. అయితే ఆ రబ్బరు మూత దాటి లోపలి ఒత్తిడి బయటి గేజికి సరిగా అందదు. అందుకే సైకిలుకు బొటనవేలే కొలమానం.

న్యూయార్కులో రబ్బరు సరుకులు, నీట మునిగేవారి పరికరాలు తయారుచేసిన ఆగస్ట్ ష్రేడర్ సంస్థ వాల్వుకు 1893లో పేటెంటు వచ్చింది. నేడు ఆ పేరుతో పిలిచే వాల్వులో స్ప్రింగు పట్టి ఉంచే పిన్ను ఉంటుంది. దాన్ని నొక్కితే లోపలి గాలి నేరుగా గేజిని తాకుతుంది. మోటారు వాహనాలకు కావలసింది ఇదే. బరువు, వేగం పెరిగేకొద్దీ గాలి తక్కువైన టైరు వేడెక్కుతుంది. ఆ తక్కువ ఎంతో వేలికి తెలియదు.

ట్యూబున్న మోటారుసైకిలుకు మరో గండం ఉంది. గాలి తగ్గినప్పుడు గట్టిగా బ్రేకు వేసినా, ఒక్కసారిగా వేగం పెంచినా టైరు రిమ్ము మీద జారి, ట్యూబును తనతో లాగుతుంది. వాల్వు కాడ మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. కాడ వంగుతుంది, క్రమంగా మొదలు చిరుగుతుంది, గాలంతా ఒక్కసారిగా పోతుంది. మేకు గుచ్చుకున్న చోట పంచరు అతికించవచ్చు, ఈ చిరుగుకు అతుకు నిలవదు. కాడ నట్టును రిమ్ముకు బిగించకుండా మూత దాకా పైకి తిప్పి ఉంచే అలవాటు కొందరు రైడర్లకు ఉంది. వంపు ముందే కంటపడుతుంది.

వాల్వు మూత దుమ్ము ఆపడానికే అనుకుంటాం. కాడ ఇరుసు వైపు చూస్తుంటుంది కనుక, చక్రం వేగంగా తిరిగేటప్పుడు అపకేంద్ర బలం పిన్నును టైరు వైపు, అంటే తెరుచుకునే దిశలోనే, నెడుతుంది. స్ప్రింగు, లోపలి ఒత్తిడి దాన్ని ఆపుతాయి. రబ్బరు వాషరున్న మూత ఆ తరువాతి కాపలా.

అమెరికాలో గుడ్‌రిచ్ సంస్థ 1947లో ట్యూబ్‌లెస్ టైరును ప్రకటించింది. అందులో వాల్వు ట్యూబును వదిలి నేరుగా రిమ్ములో కూర్చుంది. కానీ మామూలు స్పోకుల రిమ్ములో ప్రతి రంధ్రమూ గాలి పోయే దారే. 1950ల మధ్యలో మద్రాసులో తయారీ మొదలైన బుల్లెట్ కూడా అందుకే దశాబ్దాల పాటు ట్యూబుతోనే తిరిగింది.