ఖరగ్‌పూర్‌లో నిబంధనల చదువు

కటకం నుంచి వాల్తేరు దాకా ఉన్న ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అధీనంలోకి రావడంతో, ఆ కంపెనీ కర్మాగారం వెలసిన ఖరగ్‌పూర్‌కు ఉత్తర కోస్తా తెలుగువారు ఉపాధికై వలసవెళ్లడం సులువై, కాలక్రమంలో ఆ ఊరి రైల్వే కాలనీలలో వారి జనాభా గణనీయంగా పెరిగింది. కర్మాగారంలో చేతిపని వస్తే సరిపోయేది గాని, రైళ్ల రాకపోకలను నడిపే కొలువుకు అది చాలదు. 1890 నాటి రైల్వే చట్టం రైళ్ల నడకకు జనరల్ రూల్స్ అనే చట్టబద్ధమైన నిబంధనావళిని తప్పనిసరి చేసింది కనుక, ఒక సెక్షన్‌లోకి బండిని పంపడానికి ముందుస్టేషన్ ఇచ్చే అనుమతి, అంటే లైన్ క్లియర్, ఎప్పుడు అడగాలో ఎప్పుడు ఇవ్వాలో స్టేషన్ మాస్టరు స్వబుద్ధికి వదిలిన విషయం కాదు.

ఇప్పుడు అమలులో ఉన్న 1976 నాటి జనరల్ రూల్స్ ప్రకారం, నియమాల పుస్తకం గాని దాని అనువాదం గాని చేతికి అందకపోయినా ఉద్యోగి తన విధులకు సంబంధించిన నియమాలు తెలుసుకొని ఉండాలి, నిర్ణీత పరీక్షలు నెగ్గాలి. పై ఉద్యోగి తన కింది వారికి అవి తెలుసునని నిర్ధారించుకొని, అవసరమైతే వివరించి చెప్పాలి. తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా కలగలిసిన ఈ పట్టణంలో ఆ చివరి బాధ్యత కాగితం మీద కనిపించేదానికన్నా బరువైనది. బోధనకు సంస్థలూ ఏర్పడ్డాయి: ఖరగ్‌పూర్ ఉన్న రైల్వే జోన్ సిబ్బందికి సీనిలో శిక్షణాలయం, అధికారులకు 1952లో వడోదర స్టాఫ్ కాలేజీ, సిగ్నల్ విభాగానికి 1957లో సికింద్రాబాదు సంస్థ.

నడిపేవారికి చదువు చెప్పినా, తనిఖీ చేసేవారు వారి అధీనంలోనే ఉంటే ఆ తనిఖీకి విలువ తక్కువ. అందుకే ప్రభుత్వ రైల్వే ఇన్‌స్పెక్టర్లను 1941 మే నెలలో రైల్వే బోర్డు నుంచి వేరుచేశారు; 1961లో ఆ వ్యవస్థ రైల్వే భద్రతా కమిషన్ అయింది, ఇప్పుడది పౌర విమానయాన శాఖ కింద ఉంది. రైల్వే మంత్రిత్వ శాఖకు జవాబుదారీ కాని ఆ అమరికే ఈ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం.

ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బాహానగా బజార్‌లో 2023 జూన్ 2న 290 మందికి పైగా ప్రాణాలు తీసిన ప్రమాదంపై ఆ కమిషన్ జరిపిన విచారణ, సిగ్నల్ సర్క్యూట్‌లో గతంలో చేసిన మార్పులలోని లోపాన్ని ఒక కారణంగా తేల్చింది. 2022 మే 16న అదే డివిజన్‌లోని బంక్రనయాబాజ్ స్టేషన్‌లో తప్పుడు వైరింగు, కేబుల్ లోపం బయటపడినప్పుడే సరిదిద్దుకొని ఉంటే బాహానగా ప్రమాదం తప్పేదని కూడా కమిషన్ తన నివేదికలో రాసింది.