మర్ఫీల తాత ఎవరు?

మన ఇంటిపేర్లలో చాలావాటి వెనక ఊరుంటుంది. ఐర్లండ్‌లో తాత ఉంటాడు. అక్కడి ఇంటిపేరు ముందు వచ్చే 'ఓ' అంటే మనవడు, 'మాక్' అంటే కొడుకు. 'సముద్రవీరుడు' అనే అర్థమున్న ముర్‌హా పేరే ఇంగ్లిష్ గుమాస్తాల కలం కింద నలిగి మర్ఫీ అయింది. అలాగని మర్ఫీలంతా ఒకే తాత సంతానం కాదు: వెక్స్‌ఫర్డ్‌ వంశం వేరు, టైరోన్‌ వంశం వేరు.

నాకు గుర్తుండిపోయే మర్ఫీ ఫాదర్ జాన్. ఆయుధాలు అప్పగించేయండని మొదట జనానికి నచ్చజెప్పింది ఆయనే. 1798లో వెక్స్‌ఫర్డ్ తిరుగుబాటుకు ముందు నిలిచిందీ ఆయనే. టల్లో అనే ఊళ్లో ఆయన్ని ఉరితీసి, తల నరికి, మొండేన్ని తారుపీపాలో కాల్చారు.

ఐర్లండ్‌లో నేటికీ అత్యధికుల ఇంటిపేరు మర్ఫీయే.