సుంకరి ముందు సుఖదుఃఖాలు

"సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు" అని మనకొక సామెత ఉంది. పన్ను వసూలు చేసేవాడికి మన కష్టసుఖాలతో పని లేదు. మూటలో ఏముందో, దాని వెల ఎంతో చెబితే చాలునని భావం. సంస్కృతంలోని శుల్కమే మన నోట సుంకమయింది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో శుల్కాధ్యక్షుడనే అధికారికి ఒక అధ్యాయమే కేటాయించాడు. పెళ్ళికోసం తీసుకువెళ్ళే సరుకులకూ, పుట్టింటినుంచి ఆడపిల్ల తెచ్చుకునే సామానుకూ, కానుకలకూ, దేవతార్చన వస్తువులకూ సుంకం లేదని అందులోనే చెప్పాడు. సామెత ఏమన్నా, శాస్త్రకారుడు మాత్రం సుఖదుఃఖాలను కొంత పట్టించుకున్నాడన్నమాట.

నేను ఆస్ట్రేలియాలో ఉంటాను. ఇండియా ప్రయాణం పెట్టుకున్న మిత్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "కొన్న వస్తువు మీద టాక్సు వెనక్కిస్తారట, నిజమేనా?" నిజమే. అయితే ఆ చిన్న వెసులుబాటు వెనుక రెండు వందల ఏళ్ళ కథ ఉంది. ఆ కథ చివర నా సొంత గొడవ కూడా కొంత ఉంది.

న్యూ సౌత్ వేల్స్ వలసరాజ్యంలో మొదటి సుంకాలు 1800 ప్రాంతంలో పుట్టాయి. సిడ్నీలో చెరసాల కట్టడం పూర్తి చేయడానికీ, అనాథ బాలల పోషణకూ డబ్బు కావలసివచ్చింది. ఓడల్లో వచ్చే సారా, ద్రాక్షసారా, బీరు మీద పన్ను వేశారు. జనం తాగే సారా మీద వచ్చిన సొమ్ముతో, తాగి తప్పు చేసినవాళ్ళను ఉంచే చెరసాల కట్టారన్నమాట! ఓడరేవులో కూర్చుని వసూలు చేయడం తేలిక గనుక, అక్కడి ప్రభుత్వాలు చాలాకాలం సుంకం మీదనే ఆధారపడి బతికాయి.

ఆ తరువాత వలసరాజ్యాలు ఆరయ్యాయి. ఎవరి సుంకం వారిది. విక్టోరియా తన పరిశ్రమలను కాపాడుకోవడానికి దిగుమతుల మీద పన్నులు పెంచింది. న్యూ సౌత్ వేల్స్ స్వేచ్ఛావాణిజ్యం వైపు మొగ్గింది. రెండింటి నడుమ ముర్రే నది. ఒకే రాణి ఏలుబడిలో ఉన్న ప్రజలు ఆ నది దాటితే సుంకాధికారికి సమాధానం చెప్పుకోవాలి. రైలు పట్టాల వెడల్పు సైతం వేరు కావడంతో ఆల్బరీ స్టేషనులో దిగి, సామాను మోసుకుని రైలు మారవలసి వచ్చేది. 1895లో ఆ దారిన వెళ్ళిన మార్క్ ట్వైన్ ఈ పట్టాల తగాదాను తన యాత్రాగ్రంథంలో తనివితీరా వెక్కిరించాడు.

1901 జనవరి 1న ఆరూ కలిసి ఒక దేశమయ్యాయి. రాజ్యాంగంలోని 92వ విభాగం రాష్ట్రాల నడుమ వాణిజ్యం సంపూర్ణ స్వేచ్ఛతో సాగాలని శాసించింది. 90వ విభాగం సుంకాలు విధించే అధికారాన్ని కేంద్రానికే అప్పగించింది. ఆ ఏడాది అక్టోబరు 8న మంత్రి ఛార్లెస్ కింగ్‌స్టన్ దేశమంతటికీ ఒకే సుంకాల పట్టికను పార్లమెంటు ముందుంచాడు. సరిహద్దు నది ఒడ్డునుంచి సముద్రతీరానికి జరిగింది. మా నాన్నగారు ఉద్యోగకాలమంతా వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులలో గడిపారు. లారీల బారు, బిల్లుల తనిఖీ, రాత్రి కాపలాల మధ్య గడిచిన జీవితం. మన దేశంలో ఆ చెక్‌పోస్టులు 2017లో జీఎస్టీతో పోయాయి. నూటపదహారేళ్ళు ముందుగానే అక్కడ పోయాయని నేను చెబితే ఆయన చాలాసేపు నవ్వారు.

విమానాలు వచ్చాక సరిహద్దు మళ్ళీ జరిగింది. ఈసారి ప్రయాణికుడి చేతిసంచిలోకి. 1947లో ఐర్లండులోని షానన్ విమానాశ్రయంలో బ్రెండన్ ఓరీగన్ ప్రపంచంలో మొదటి సుంకరహిత విమానాశ్రయ దుకాణాన్ని తెరిచాడు. దేశం విడిచిపోయేవాడు ఆ వస్తువును అక్కడ వాడడు గనుక అక్కడి పన్ను అతనిపై పడరాదన్నది తర్కం. ఆస్ట్రేలియా నగరాల్లోని సుంకరహిత దుకాణాలు సరుకును సంచిలో పెట్టి సీలు వేసి ఇచ్చేవి. దేశం దాటేదాకా ఆ సీలు విప్పరాదు.

ఇక మామూలు దుకాణాల్లో కొన్న వస్తువుల సంగతి. 1930లో, ఆర్థికమాంద్యం రోజుల్లో, స్కల్లిన్ ప్రభుత్వం టోకు అమ్మకాలపై రెండున్నర శాతం పన్ను తెచ్చింది. టోకు దశలోనే వెలలో కలిసిపోయే ఆ పన్ను కొనేవాడి కంటికి కనబడేది కాదు. దాని స్థానంలో అందరికీ కనబడే పన్ను తేవాలన్న ప్రయత్నాలు చాలా జరిగాయి. 1985లో కీటింగ్ ప్రతిపాదన వీగిపోయింది. 1993లో జాన్ హ్యూసన్ పదిహేను శాతం జీఎస్టీ తెస్తానని ఎన్నికలకు వెళ్ళాడు. పుట్టినరోజు కేకు వెల పెరుగుతుందా, తగ్గుతుందా అని టీవీ విలేకరి అడిగితే సూటిగా చెప్పలేకపోయాడు. గెలుస్తాడనుకున్న ఎన్నికలో ఓడిపోయాడు. చివరకు హోవర్డ్ ప్రభుత్వం 2000 జులై 1న పది శాతం జీఎస్టీని అమలు చేసింది. పన్ను బిల్లులో కనబడింది గనుక తిరిగి ఇవ్వడమూ సాధ్యమయింది. యాత్రికుల రీఫండు పథకం అదేరోజు మొదలయింది.

నియమాలు టూకీగా ఇవి. ఒకే వ్యాపారి దగ్గర కనీసం 300 డాలర్ల సరుకు కొనాలి. కొన్న 60 రోజుల్లోగా దేశం విడవాలి. 2013 దాకా ఇది 30 రోజులే. పన్ను బిల్లు, పాస్‌పోర్టు, బోర్డింగ్ పాసుతో పాటు వస్తువును కూడా విమానాశ్రయంలో చూపాలి. పన్ను వెలలో కలిసే ఉంటుంది గనుక వెలలో పదకొండో వంతు తిరిగి వస్తుంది. ద్రాక్షసారా అయితే దానికున్న ప్రత్యేక పన్ను కూడా వస్తుంది. బీరుకూ, సిగరెట్లకూ ఈ సదుపాయం లేదు. చాలా దేశాలలో ప్రైవేటు సంస్థలు కమీషను పట్టుకుని ఈ పని చేస్తాయి. ఇక్కడ ప్రభుత్వమే నేరుగా ఇస్తుంది. విదేశీయులకే కాదు, ఆస్ట్రేలియా వాసులకూ ఇస్తుంది.

చిక్కంతా ఈ చివరి మాటలోనే ఉంది. ఆ దేశంలోనే ఉండేవాడు వస్తువును బయటికి తీసుకువెళ్ళి, రీఫండు పుచ్చుకుని, మళ్ళీ వెంట తెచ్చుకుంటే? అందుకొక హద్దు ఉంది. తిరిగి వచ్చే పెద్దవారు 900 డాలర్ల విలువ వరకూ వస్తువులను పన్ను లేకుండా తెచ్చుకోవచ్చు. అది దాటితే చెప్పాలి, పన్ను కట్టాలి. మద్యం రెండుంబావు లీటర్లు. సిగరెట్లు ఒకప్పుడు 250. 2012లో 50కి, 2017లో 25కి తగ్గించారు.

2014లో నేను నాన్నగారికోసం 1,320 డాలర్లు పెట్టి ఒక కెమెరా కొన్నాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆయన కోరుకుని కొనుక్కోలేకపోయిన వస్తువు అది. వెళ్ళేటప్పుడు 120 డాలర్లు రీఫండు తీసుకున్నాను. ఇంటికి వెళ్ళి ఆయన చేతిలో పెడితే కాసేపు అటూ ఇటూ తిప్పి, కంటికి ఆనించుకుని చూసి, నెమ్మదిగా నా చేతికిచ్చేశారు. "నాకు సరిగా ఆనడం లేదురా. పిల్లల ఫొటోలు నువ్వే తీసి పంపు" అన్నారు. ఆయన చూపు మందగించిందని నాకు తెలిసింది అప్పుడే. అంతవరకూ ఫోనులో ఎవరూ చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో, విమానం దిగబోయే ముందు నింపే కార్డులో ఆ 900 డాలర్ల ప్రశ్న ఎదురయింది. సమాధానం ఏదైనా ఎవరూ సంచి విప్పి చూడకపోవచ్చు. పైగా అది నేను తెచ్చుకోవాలనుకుని తెచ్చుకున్నది కాదు, ఇచ్చిన కానుక తిరిగి వచ్చింది. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. బిల్లు లేని లారీవాడు ఎంత జాలికథ చెప్పినా కలం కదపని మనిషి కొడుకుని. "అవును" అని గీత గీశాను.

"ఇక్కడ కొన్నదేగా, మళ్ళీ ఎందుకు తెచ్చారు?" అని అడిగాడు అధికారి. క్లుప్తంగా చెబుదామనుకున్నాను గానీ నాన్నగారి కళ్ళ సంగతంతా చెప్పేశాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. తల పంకించాడు. తరువాత 120 డాలర్లు కట్టించుకుని రసీదు ఇచ్చాడు.

ఆ రసీదు సంగతి ఫోనులో చెబితే నాన్నగారు, "లెక్క సరిగానే వేశాడా?" అని మాత్రం అడిగారు.