అడవి మొక్క, నాగరిక మొక్క

అస్సాంలో తేయాకును 1823లో రాబర్ట్ బ్రూస్ కనిపెట్టాడని చాలా పుస్తకాలు రాస్తాయి. ఆ మొక్క సంగతి అతనికి తెలిపినవాడు సింగ్‌ఫో తెగ నాయకుడు బీసా గామ్. ఒక జాతి అప్పటికే కాచుకు తాగుతున్న ఆకును పరాయివాడు వచ్చి ‘కనిపెట్టడం’ ఏమిటో చరిత్రకారులే చెప్పాలి.

తేయాకులో ప్రధానంగా రెండు రకాలు. చైనా రకం గుబురు పొద. ఆకు చిన్నది, చలికి ఓర్చుకుంటుంది, దిగుబడి తక్కువ. అస్సాం రకం వదిలేస్తే ముప్పై నలభై అడుగులు లేచే చెట్టు. వెడల్పాటి ఆకు, వేడీ తేమా కావాలి, దిగుబడి ఎక్కువ. 1834లో బెంటింక్ వేసిన కమిటీ, ఆ ఏడాది చివరికే అస్సాం మొక్క నిజమైన తేయాకేనని ఒప్పుకుంది. అయినా చైనా విత్తనం మీద మోజు పోలేదు. అడవిలో పెరిగింది మోటు, చైనా తోటలో పెరిగింది నాగరికం! మనుషులను కొలిచిన బద్దతోనే మొక్కలనూ కొలిచారు. తీరా 1839 జనవరిలో లండన్ వేలంలో అమ్ముడైన తొలి అస్సాం టీ, ఆ అడవి మొక్కల ఆకే.

తేయాకు పరపరాగ సంపర్కంతో కాయ కడుతుంది. రెండు రకాలు పక్కపక్కన ఉంటే విత్తనం సంకరమవుతుంది. అస్సాంలో జరిగిందదే, తర్వాతి తోటదొరలే చైనా మొక్కను తిట్టిపోశారు. డార్జిలింగ్ చలికొండల్లో మాత్రం, 1841లో క్యాంప్‌బెల్ నాటినప్పటి నుంచి, అది నిలదొక్కుకుంది.

ఇక సాగు. చెట్టు కావలసినదాన్ని నడుమెత్తున నరికి, కోసే చేతికి అందేటట్టు ఉంచడమే దాని కిటుకు. పూతకు పోనివ్వకుండా, వారం పదిరోజులకోసారి రెండాకులూ మొగ్గా గిల్లాలి. ముదిరితే పనికిరాదు గనుక వేల చేతులు కావాలి. ఆ చేతులు ఛోటానాగ్‌పూర్ నుంచి, కొన్ని మన గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా వెళ్లాయి. ఒప్పందం తప్పిన కూలీకి 1859 చట్టం జైలు చూపించింది. పారిపోయినవాణ్ని వారంటు లేకుండా పట్టుకునే అధికారాన్ని 1865 చట్టం తోటదొర చేతికే ఇచ్చింది. సొంతంగా తేయాకు తోటలు వేసిన అస్సామీయుడు మణిరామ్ దివాన్‌ను 1857 తిరుగుబాటులో కుట్రదారన్న నేరం మోపి 1858లో ఉరితీశారు.

ముల్క్‌రాజ్ ఆనంద్ 1937 నాటి నవలకు రెండాకులూ ఒక మొగ్గా అనే పేరు పెట్టాడు. దాన్ని ప్రకృతి వర్ణనగా చదవకూడదు; తోటలో అది పని కొలత. అందులో, పంజాబు నుంచి అస్సాం తోటకు వచ్చిన గంగూను కాల్చి చంపిన తెల్లదొర కోర్టులో నిర్దోషిగా బయటపడతాడు.