చేపలు ఎందుకు చచ్చిపోయాయి? కువైట్ అఖాతం నుంచి మలబారు తీరం దాకా

ఈ వారం చరిత్ర ప్రసంగంలో రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. చేపల గురించి మాట్లాడతాను. నేను సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని, చేపల శాస్త్రవేత్తని కాను. కానీ ఒక సిస్టమ్ కూలిపోయినప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం నా ఉద్యోగం. ఆ అలవాటుతోనే ఈ విషయం చదివాను.

2001 ఆగస్టులో మన కువైట్ అఖాతంలో చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకురావడం మొదలైంది. ఎక్కువగా పోయినవి ఇక్కడివాళ్ళు ‘మైద్’ అని పిలిచే మల్లెట్ చేపలు. మొత్తం 2,500 టన్నులకు పైనే. అలాంటప్పుడు ఎవరికైనా ముందు వచ్చే అనుమానం, నీళ్ళలో ఏదో విషం కలిసిందని. అంతకు రెండేళ్ళ ముందు, 1999లో, ఇదే అఖాతంలో ఒక రకం సూక్ష్మ నాచు విపరీతంగా పెరిగి చేపల్ని చంపింది. కాబట్టి ఈసారీ నాచు మీదికే చూపు పోవడం సహజం.

కంటికి కనపడని నాచు చేపను ఎలా చంపుతుంది? ఈ ప్రశ్నకు మన దేశంలోనే పాత చరిత్ర ఉంది. మన కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో అక్కడి మత్స్యశాఖలో జేమ్స్ హోర్నెల్ అనే ఇంగ్లీషు అధికారి ఉండేవాడు. మలబారు తీరంలో చేపలు మూకుమ్మడిగా చావడానికి ఒక సూక్ష్మజీవి కారణమని 1917లో ఆయన రాశాడు. 1954లో ఆర్. సుబ్రహ్మణ్యన్ అదే తీరంలో సముద్రాన్ని పచ్చగా మార్చి జీవాల్ని చంపుతున్న ఒక నాచును వర్ణించి, హోర్నెల్ గౌరవార్థం దానికి ‘హోర్నెల్లియా మెరైనా’ అని పేరు పెట్టాడు. 1982లో జపాను శాస్త్రవేత్తలు దాన్ని ‘షాటొనెల్లా’ అనే ప్రజాతిలోకి మార్చారు. జపాను వాళ్ళకు దాని మీద అంత శ్రద్ధ ఎందుకంటే, 1972లో అక్కడి సెటో లోతట్టు సముద్రంలో షాటొనెల్లా వల్ల దాదాపు 1 కోటి 40 లక్షల పెంపకపు చేపలు చచ్చిపోయాయి.

ఈ నాచు దగ్గరున్న ఆయుధాల్లో ఒకటి కొవ్వు ఆమ్లం. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో డామ్‌సెల్ అనే చిన్న చేపల మీద పరీక్షించి చూశారు. షాటొనెల్లాలో ఉండే ఐకోసాపెంటయినోయిక్ ఆమ్లం, అంటే ఈపీఏ, చేపకు విషమని తేలింది. అదే నాచు విడిచే చురుకైన ఆక్సిజన్ అణువులు తోడైతే ఆ విషం ఇంకా పెరుగుతుందనీ తేలింది. తమాషా ఏమిటంటే, గుండెకు మంచిదని మనం మింగే చేపనూనె మాత్రల్లో ఉన్నది ఈ ఈపీఏనే. ఆహారంగా కడుపులోకి వెళ్తే పోషణ, విడి ఆమ్లంగా మొప్పలకు తగిలితే విషం. మొప్ప పొర చాలా పల్చన. అది పాడైతే చేపకు నీళ్ళ మధ్యనే ఊపిరాడదు.

ఎంత మోతాదు ప్రమాదమో తేల్చే పద్ధతికీ ఒక చరిత్ర ఉంది. 1951లో అమెరికాలో డౌడొరాఫ్ బృందం ఫ్యాక్టరీ నీళ్ళను చేపల మీద పరీక్షించే పద్ధతిని రాసిపెట్టింది. 1981లో ఓఈసీడీ సంస్థ 203వ నంబరు మార్గదర్శకంగా ఇలాంటి పరీక్షకు అంతర్జాతీయ రూపం ఇచ్చింది. తొట్టెల్లో మోతాదు పెంచుకుంటూ పోయి, 96 గంటల్లో సగం చేపలు చనిపోయే మోతాదు ఎంతో లెక్కకడతారు. ఏ మందూ కలపని తొట్టె ఒకటి పక్కనే ఉండాలి. అందులోనే చేపలు ఎక్కువగా చస్తే ఆ పరీక్ష చెల్లదు. భారతదేశంలో వ్యర్థజలాల సాధారణ ప్రమాణాల్లో కూడా ఫ్యాక్టరీ వదిలే నీళ్ళలో 96 గంటల తర్వాత నూటికి 90 చేపలు బతికుండాలని ఉంది.

కొవ్వు ఆమ్లాల దగ్గర మాత్రం ఈ పరీక్ష అంత సులువు కాదు. పొడుగాటి గొలుసు ఉన్న ఆమ్లాలు నీళ్ళలో సరిగా కరగవు, తొట్టె గోడకు అంటుకుంటాయి. కడప జిల్లా బోరు నీళ్ళలో సబ్బు నురగ రాక తెల్లగా విరిగిపోవడం మనలో చాలామంది చూసిందే. సబ్బు అంటే కొవ్వు ఆమ్లపు లవణమే. నీళ్ళలోని కాల్షియం దాన్ని పట్టేసుకుంటుంది. సముద్రపు నీళ్ళలోనూ అదే జరుగుతుంది. పైగా బాక్టీరియా ఆ ఆమ్లాన్ని తింటూ నీళ్ళలోని ఆక్సిజన్‌ని వాడేసుకుంటుంది. అప్పుడు చేప చచ్చింది ఆమ్లం వల్లనా, ఊపిరాడకనా? అందుకే మనం పోసింది ఎంత అన్నది చాలదు, నీళ్ళలో నిజంగా మిగిలింది ఎంతో కొలవాలి, ఆక్సిజన్ కూడా కొలవాలి.

ఇక 2001 సంగతికి వద్దాం. చచ్చిన చేపల్ని కోసి పరీక్షిస్తే ‘స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే’ అనే బాక్టీరియా దొరికింది. ఆ సమయంలో నాచు కూడా పెరిగిన మాట నిజమే. కానీ మల్లెట్ చేపల చావులో ప్రధాన ముద్దాయి ఈ బాక్టీరియానే అని పరిశోధకులు తేల్చారు. కాగిపోయిన నీళ్ళు, కదలని గాలి, అఖాతంలోకి చేరే మురుగు దానికి తోడయ్యాయని వివరించారు. నాచుకు ఎరువయ్యేదీ ఆ మురుగే. పాత అనుమానంతోనే ఆగిపోయి ఉంటే అసలు సంగతి బయటపడేది కాదు. 2009 ఆగస్టులో మిష్రిఫ్ మురుగు పంపింగ్ స్టేషన్ పాడై శుద్ధి చేయని మురుగు సముద్రంలోకి పోయినప్పుడు ఈ పాఠం ఎంత విలువైనదో మళ్ళీ తెలిసింది.

తొట్టెలో పరీక్ష ఒక్క విషం బలాన్ని చెబుతుంది. సముద్రంలో మాత్రం వేడి, మురుగు, నాచు, రోగం అన్నీ కలిసే వస్తాయి. ఆ సముద్రం మన బజారుకు ఆవల ఎక్కడో లేదు. ఇక్కడి జుబైదీ, అంటే మన చందువ, ఆ నీళ్ళలోంచే వస్తుంది. పండక్కి గారెలు వేయించాక మిగిలిన నూనె సింకులో పోస్తే అది చేరేదీ మురుగు కాలువలోకే. చల్లారాక ఒక సీసాలో పోసి చెత్తలో వేయండి. పిల్లలు ఎందుకని అడిగితే ఈ చేపల కథ చెప్పండి.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.