నెల్లూరు అక్షరాస్యతా ఉద్యమం – సారా వ్యతిరేక పోరాటం

1990వ దశకం తొలి ఏళ్లలో నెల్లూరు జిల్లాలో సాగిన వయోజన విద్యా ఉద్యమం, దాన్ని అంటిపెట్టుకుని లేచిన మహిళల సారా వ్యతిరేక పోరాటం ఆధునిక ఆంధ్ర చరిత్రలో ముఖ్య ఘట్టాలు. చదువు సమాజాన్ని ఎలా కదిలిస్తుందో చూపడానికి ఇంతకంటే స్పష్టమైన తెలుగు ఉదాహరణ అరుదు.

కేంద్ర ప్రభుత్వం 1988 మే 5న జాతీయ అక్షరాస్యతా మిషన్‌ను ప్రారంభించింది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటితమయ్యాక, అదే పద్ధతి ఇతర జిల్లాలకూ పాకింది. 1991 జనగణన నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 44.09 శాతం, మహిళల్లో 32.72 శాతం మాత్రమే. నెల్లూరులో ‘అక్షరదీపం’ పేరుతో కార్యక్రమం మొదలైంది. కళాజాతాలు పాటలతో, నాటికలతో ఊరూరా తిరిగి జనాన్ని పోగుచేశాయి. స్వచ్ఛంద కార్యకర్తలు సాయంత్రం వేళ పాఠాలు చెప్పారు. పగలంతా కూలికి వెళ్లొచ్చిన ఆడవాళ్లే అక్కడ ఎక్కువగా పలక పట్టారు.

అప్పటికి సారా పల్లె బతుకుల్ని పీల్చేస్తోంది. 1980లలో వచ్చిన ‘వారుణి వాహిని’ పథకంతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో సరఫరా చేసింది. అమ్మే హక్కును వేలం పాటలో దక్కించుకున్న కంట్రాక్టర్లు సరుకును ఇళ్ల ముంగిటికే చేర్చారు. మగవాళ్ల కూలి డబ్బులో చాలా భాగం అటే పోయేది; తిండి ఖర్చు, పిల్లల చదువు, తన్నులు ఆడవాళ్ల మీద పడేవి.

అక్షరదీపం వాచకాల్లోని పాఠాలు ఈ బాధనే మాట్లాడాయి. సారా వల్ల కష్టాలపాలైన ఇల్లాలి గురించి చెప్పే ‘సీతమ్మ కథ’ పెద్ద చర్చ రేపింది. కలిగిరి మండలం దూబగుంటలో మహిళలు ఏకమై సారా కొట్టు మూయించారు. వారికి ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మను లోకం దూబగుంట రోశమ్మగా గుర్తుపెట్టుకుంది. ఆ ఊరి కథ ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై తర్వాతి వాచకంలో చేరింది. ఇక్కడే ఈ ఉద్యమం గొప్పతనం ఉంది: ఒక ఊరి ఆడవాళ్లు చేసిన పనిని పక్క ఊరి ఆడవాళ్లు తామే కూడబలుక్కుని చదివారు, చదివి తామూ చేశారు. సారా ప్యాకెట్ల బండ్లను వెనక్కి తిప్పారు, కొట్లకు తాళాలు వేయించారు. 1992లో వేలం పాటలను అడ్డుకోవడంతో అధికారులు వాటిని పదే పదే వాయిదా వేయాల్సివచ్చింది. రాజకీయ పార్టీలు, మహిళా సంఘాలు, పత్రికలు తోడయ్యేసరికి పోరాటం రాష్ట్రమంతటా వ్యాపించింది.

ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1994 డిసెంబర్‌లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలు చేశారు. దాన్ని 1997లో సడలించారు. సారాపై నిషేధం మాత్రం కొనసాగింది. ఈ పోరాటంతో ఏకమైన నెల్లూరు జిల్లా మహిళలు రోజుకో రూపాయి దాచుకునే ‘పొదుపులక్ష్మి’ సంఘాలుగా కూడారు.

సంతకం నేర్పి వదిలేసే చదువుకు ఇంత శక్తి వచ్చేది కాదు. చదువుకునే మనిషి కష్టాన్నే పాఠంగా పెట్టడం, పదిమంది కూర్చుని దాన్ని చర్చించే చోటు ఇవ్వడం నెల్లూరు విజయానికి అసలు కారణాలు.